2002 హోండా సిటీ వీటెక్ బెంగళూరు నుంచి అనంతపురానికి: నాలుగు నెలల నా అనుభవం

బండిని మొదటిసారి చూసింది 2023 డిసెంబరు 10న. దానికి ఆంధ్ర నంబరు ప్లేటు బిగించింది 2024 ఏప్రిల్ 12న. మధ్యలో నాలుగు నెలల రెండు రోజులు. ఇంజన్ పనికి పట్టింది ఆరు రోజులే, మిగతాదంతా కాగితాలకే పోయింది. మన అనంతపురం, హిందూపురం, కదిరి వైపు పాత బండి అంటే అందరూ మొదట బెంగళూరే చూస్తారు. అందుకే ఏ రోజు ఏం జరిగింది, డబ్బు యాడ పోయింది, నేను చూడకుండా వదిలేసింది ఏంది అన్నీ వరసగా రాస్తున్నా.

బండి 2002 హోండా సిటీ 1.5 వీటెక్. వీటెక్ అంటే ఇంజన్ వేగం పెరిగినాక వాల్వుల్ని ఇంకా ఎక్కువగా తెరిచే హోండా ఏర్పాటు. 1493 సీసీ, 106 హార్స్‌పవర్. 2003 చివర్లో దీని స్థానంలో డాల్ఫిన్ సిటీ వచ్చింది, దాని ఇంజన్ 77 హార్స్‌పవర్. ఆ తేడా తెలిసినవాళ్లు ఈ పాత డబ్బా ఆకారం బండి కోసమే ఇప్పటికీ తిరుగుతుంటారు. అడిగిన ధర 2,20,000.

డిసెంబరు 10 ఆదివారం. ముందురోజు రాత్రే ఓనరుకు ఫోన్ చేసి, "సార్, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు" అని చెప్పినా. ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి. పోయిన వెంటనే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాల. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టినారని అర్థం. మాకు చల్లగానే ఉండింది. స్టార్ట్ చేసినప్పుడు ఇంకొకరు సైలెన్సర్ వెనకాల నిలబడాల. మొదటి రెండు మూడు సెకన్లు మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడినట్టు. నడుపుతూ ఎక్సలేటర్ గట్టిగా తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగుల మీద అనుమానం పెట్టుకోవాల. మా బండికి మొదటి రకం పొగ, అదీ రవ్వంత.

తాళం తిప్పగానే మీటర్లో చెక్ ఇంజన్ లైటు వెలగాల, రెండు సెకన్ల తర్వాత ఆరిపోవాల. అసలు వెలగకపోతే బల్బు పీకేసినారేమో అనుకోవాల్సిందే. డ్యాష్‌బోర్డు కింద ఎడమ పక్కన రెండు పిన్నుల సర్వీస్ కనెక్టరు ఒకటి ఉంటుంది. ఆ రెండు పిన్నుల్ని చిన్న వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే, లోపల దాచుకున్న లోపాల్ని అదే లైటు మిణుకులతో చెబుతుంది. పొడుగు మిణుకు పది, పొట్టి మిణుకు ఒకటి. 21 వస్తే వీటెక్ సోలెనాయిడ్ (ఆయిల్ దారి తెరిచే కరెంటు వాల్వు), 22 వస్తే వీటెక్ ఆయిల్ ప్రెజర్ స్విచ్. మాకు ఏ కోడూ రాలేదు.

బాడీకి ఒక అయస్కాంతం, దాని చుట్టూ మెత్తటి గుడ్డ ఉంటే చాలు. వెనక చక్రాల పైన వంపు, తలుపుల కింది అంచులు, డిక్కీలో స్టెప్నీ గుంత ఈ మూడూ వదలకుండా చూడాల. ఎడమ వెనక వంపు దగ్గర అయస్కాంతం నిలబడలేదు. అక్కడ పుట్టీ ఉంది, అరచేయంత మేర. తలుపు రబ్బరు బీడింగు కొంచెం పీకి చూస్తే కంపెనీ స్పాట్ వెల్డింగు గుండ్రటి గుంతలు వరసగా కనపడాల. అవి నాలుగు తలుపుల దగ్గరా ఉన్నాయి, కాబట్టి పెద్ద దెబ్బ తిన్న బండి కాదని నమ్మినాం. పుట్టీ ఒక మామూలు గీతకు చేసిన టింకరింగే.

ఇంతవరకూ సంతోషంగానే ఉండింది. ఆర్‌సీ చేతికి వచ్చినాక అసలు సంగతి తెలిసింది. మొదటిది, చెల్లుబాటు 2022 ఆగస్టు 11 వరకే. 2002లో రిజిస్టరైన బండికి 2017లో ఐదేళ్లు పొడిగించుకున్నారు, 2022లో మర్చిపోయినారు. రెండోది, బ్యాంకు లోను పేరు ఇంకా ఆర్‌సీ మీదే ఉంది. ఓనరు పెద్దాయన, చాలా నెమ్మదస్తుడు. "లోను 2006లోనే తీర్చేసినాను నాయనా, బ్యాంకు పేరు తీయించాలని నాకెవ్వరూ చెప్పలేదు" అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అయినా ఆ పేరు తీయించనిదే వేరే రాష్ట్రానికి తీసుకుపోను అభ్యంతరం లేదనే కాగితం, ఎన్‌ఓసీ రాదు, ఆర్‌సీ చెల్లకపోయినా రాదు. ఆరోజు బయానా ఇవ్వకుండా తిరిగొచ్చేసినా. దారంతా ఆ బండే మనసులో మెదిలింది.

డిసెంబరు 17న మెకానిక్‌ను తోడుకొని మళ్లీ పోయినా. ఆయన రోజు కూలి 3,000. నా ఉద్దేశంలో మొత్తం ఖర్చులో అన్నిటికన్నా పనికొచ్చిన డబ్బు అదే. ఆరోజు మొదటి పని కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తుందో గేజ్ పెట్టి కొలవడం. ఇంజన్ వేడెక్కినాక నాలుగు ప్లగ్గులూ తీసి, డిస్ట్రిబ్యూటర్ కనెక్టరు, పెట్రోల్ సప్లై రెండూ కట్ చేసి, ఎక్సలేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాల. ఎక్సలేటర్ తొక్కకపోతే గాలి లోపలికి పోక అంకె తక్కువ చూపిస్తుంది, మంచి ఇంజన్ కూడా చెడ్డదిగా కనపడుతుంది. ఈ తరం హోండా ఇంజన్లకు 135 పీఎస్ఐ కన్నా తక్కువ ఉండకూడదు, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. మాకు 172, 175, 170, 174 వచ్చినాయి. మెకానిక్ గేజ్ నాకు చూపించి, "అన్నా, ఇంజన్ గురించి ఇంగ ఆలోచన పెట్టుకోవద్దు" అన్నాడు. లక్ష నలభై వేల కిలోమీటర్లు తిరిగిన బండికి ఆ అంకెలు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ప్లగ్గులు తీసినప్పుడే ఇంకొకటి బయటపడింది. మూడో ప్లగ్గు గుంతలో ఆయిల్ నిలిచి ఉంది. వాల్వ్ కవర్ కింద ప్లగ్ ట్యూబు సీళ్లు గట్టిపడితే ఇట్లా దిగుతుంది. సీళ్ల సెట్టు 700 రూపాయలే, కానీ అట్లే వదిలేస్తే ప్లగ్ వైరు రబ్బరు ఉబ్బి మిస్‌ఫైర్ మొదలవుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా కింది గీత దగ్గరే ఉండింది. వీటెక్ పనిచేసేదే ఆయిల్ ప్రెజర్ మీద. ఆయిల్ తగ్గినా, సోలెనాయిడ్ కింద ఉండే సన్నటి జల్లెడ మూసుకుపోయినా వాల్వుల్ని ఎక్కువ తెరిచే పెద్ద క్యామ్ పట్టుకోదు, బండి మామూలు సిటీ లాగే పోతుంది, నడిపేవాళ్లకు తేడా కూడా తెలీదు. అందుకని అర లీటరు ఆయిల్ పోసి, పది నిమిషాలు నడిపి ఇంజన్ బాగా వేడెక్కినాక రెండో గేరులో తొక్కి చూసినాం. ఇంజన్ వేగం చూపే మీటరు ముల్లు 5000 దాటినాక శబ్దం మారిపోయింది. అప్పటిదాకా మెత్తగా గునిసే ఇంజన్ ఒక్కసారిగా గొంతు విప్పి, ముల్లు ఎర్రగీత వైపు పరుగెత్తింది. నేను కోరుకున్నది సరిగ్గా అదే. అయినా ముఖంలో కనపడనీకుండా దిగి, ధర మాట్లాడినాం.

పుట్టీ, ఆయిల్ లీకు, 2016లో తయారైన టైర్లు, ఎప్పుడు మార్చినారో రికార్డు లేని టైమింగ్ బెల్టు (క్రాంకుతో పాటు క్యామ్‌ను తిప్పే రబ్బరు పట్టీ) చూపించి 1,85,000కు తెంచుకున్నాం. టైరు వయసు తెలుసుకునేది తేలికే. పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చూడండి. 3116 అంటే 2016లో 31వ వారం. బయానా 10,000. తెల్ల కాగితం మీద మూడు షరతులు రాసుకున్నాం: ఆర్‌సీ రెన్యువల్, బ్యాంకు పేరు తొలగింపు, ఎన్‌ఓసీ మూడూ ఓనరు చేయించి ఇవ్వాల, అవి వచ్చినాకే మిగతా డబ్బు. ఏది రాకపోయినా బయానా వాపసు.

ఇక్కడి నుంచి ఎదురుచూపులు. డిసెంబరు 20న రెన్యువల్ దరఖాస్తు. 15 ఏళ్లు దాటిన కారుకు అప్పుడు ఫీజు 5,000. ఆలస్యానికి నెలకు 500 చొప్పున, మాకు లెక్కలో 17 నెలలు పడి 8,500. గ్రీన్ ట్యాక్స్ వేరే. ఇదంతా ఓనరే కట్టినాడు, ధరలో నేను గట్టిగా బేరమాడనిది కూడా అందుకే. ఇన్‌స్పెక్షన్‌కు ఇన్సూరెన్సు ఉండాల, ఆయన పాలసీ అక్టోబరులోనే అయిపోయింది. థర్డ్ పార్టీ పాలసీ ఒకటి కొత్తగా కట్టించినాం. 1000 నుంచి 1500 సీసీ లోపల కార్లకు అప్పుడు ప్రీమియం 3,416, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఓనరు ప్రమాద బీమా వేరే. ఇక్కడొక చిన్న సంగతి: 1500 సీసీ దాటితే అదే ప్రీమియం 7,897. ఏడు సీసీ తేడాతో సిటీ ఇవతలి గట్టున ఉంది. అదే కాలం నాటి 1.6, 1.8 ఇంజన్ల బండ్లు చూసేవాళ్లు ఏటా ఈ ఖర్చు లెక్కేసుకోవాల.

ఇంకో చిక్కు ఓటీపీ. రికార్డులో ఉన్న ఫోన్ నంబరు ఆయన ఎప్పుడో వదిలేసినాడు. దరఖాస్తు ముందుకు కదలాలంటే ఓటీపీ రావాల, రావాలంటే ముందు నంబరు మార్పించాల. మూడు రోజులు దానికే. మీరు బండి చూడను పోయిన రోజే ఓనరును అడగండి, ఆర్‌సీకి జోడించిన నంబరు ఇప్పుడు ఆయన దగ్గర ఉందా లేదా అని.

జనవరి 5న ఇన్‌స్పెక్షన్ అయింది, 11న ఐదేళ్లకు రెన్యువల్ ఆర్‌సీ వచ్చింది. బ్యాంకు సంగతి మాత్రం లాగింది. లోనిచ్చిన బ్యాంకు తర్వాత ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత ఖాతా కాగితాలు యాడున్నాయో వెతికి, ఫారం 35 మీద సంతకం, స్టాంపు వేసి, బాకీ లేదని లెటర్ ఇచ్చేసరికి 26 రోజులు. ఆ 26 రోజులూ నాకు నిద్ర సరిగా పట్టలేదు. పెద్దాయన విసుగుపుట్టి బండి ఇంకెవరికైనా ఇచ్చేస్తాడేమోనని రెండు రోజులకోసారి ఫోన్ చేసేవాణ్ణి. ఆయన 2006 నాటి లోను ముగింపు రసీదు ఒక ప్లాస్టిక్ కవరులో దాచిపెట్టుకున్నాడు. అది లేకపోయుంటే ఇంకెన్ని రోజులో. జనవరి 29న ఆర్‌సీ మీద బ్యాంకు పేరు పోయింది.

ఫిబ్రవరి 1న ఫారం 28తో ఎన్‌ఓసీకి. దీనికి చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాల. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక రేకు మీద నంబరు కొట్టి ఉంటుంది. ఇరవై ఏళ్ల మడ్డి, దాని మీద ఎప్పుడో కొట్టిన స్ప్రే పెయింటు. సగం అంకెలు పూడిపోయినాయి. అక్కడ సాయం వచ్చిన కుర్రోడు ఉప్పుకాగితం తీసినాడు, నేను చెయ్యి పట్టుకొని ఆపినా. నంబరు చుట్టూ గీతలు పడితే దిద్దినారేమో అని అనుమానం వస్తుంది, అంతటితో ఫైలు ఆగిపోతుంది. కిరసనాయిల్లో తడిపిన గుడ్డ పది నిమిషాలు దాని మీద పెట్టి, పాత పళ్ల బ్రష్షుతో నిదానంగా రుద్దితే మడ్డంతా కరిగి దిగింది. తర్వాత పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిల్ వాల్చి ఒకే దిక్కుకు రుద్దితే అంకెలన్నీ తెల్లగా తేలినాయి. ఒకటి కాదు, ఆరు ప్రింట్లు తీసి పెట్టుకున్నా. అనంతపురంలో మళ్లీ పనికొచ్చినాయి.

దొంగ బండి కాదని పోలీసు రికార్డు ధ్రువీకరణ, రెండు పాత చలాన్లకు 1,000 కట్టడం, ఇవన్నీ దాటి ఫిబ్రవరి 19న ఎన్‌ఓసీ చేతికొచ్చింది. 24 శనివారం మిగతా డబ్బు కట్టి, అమ్మకం, బదిలీ కాగితాలైన ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 మీద సంతకాలు చేయించుకున్నా. పెద్దాయన సంతకం 2002తో పోలిస్తే చాలా మారింది, చెయ్యి వణుకుతోంది. ఇప్పటి సంతకమే ఉన్న గుర్తింపు కార్డు నకలు మీద కూడా ఒకటి పెట్టించుకున్నాం. తాళాలు ఇచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకున్నాడు. నాకు గొంతు పట్టేసింది.

ఆరోజు మధ్యాహ్నం పెనుకొండ దాటినాక భోజనానికి ఆపినాం. ఎండలో పాతిక నిమిషాలు. తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది, అంటుకోవడం లేదు. గుండె జారిపోయింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "అన్నా, తాళం ఆన్‌లో పెట్టి ఊరికే విను. వెనక సీటు కింద పంపు గుయ్యిమంటుందా?" అని అడిగినాడు. నిశ్శబ్దం. "అయితే మెయిన్ రిలే. అద్దాలు దించి నీడన పెట్టు, అదే స్టార్ట్ అవుతుంది" అన్నాడు. నలభై నిమిషాల తర్వాత తాళం తిప్పగానే టక్ మని శబ్దం, రెండు సెకన్లు పంపు మోత, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్.

ఆ కాలం హోండాల్లో ఇది వయసుతో వచ్చేదే. పెట్రోల్ పంపుకు కరెంటు ఇచ్చే రిలే డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. క్యాబిన్ వేడెక్కినప్పుడు లోపల టంకం వ్యాకోచించి, సన్నటి పగులు తెరుచుకుంటుంది, చల్లబడితే మళ్లీ అతుక్కుంటుంది. ఇంటికొచ్చి విప్పి భూతద్దం పెట్టి చూసినా. బోర్డు మీద రెండు పిన్నుల చుట్టూ వెంట్రుక మందం నల్లటి వలయం, ఉంగరం లాగా. టీవీలు బాగుచేసే కొట్లో పాత టంకం తీసి కొత్తది వేయిస్తే 150 రూపాయలు. మేం బండి చూసింది రెండుసార్లూ డిసెంబరు చలిలో, అదీ ఉదయం పూట. చల్ల ఇంజన్ చూసినాం, వేడి ఇంజన్ నడిపినాం, కానీ వేడి మీద ఆపి ఎండలో అరగంట వదిలి మళ్లీ స్టార్ట్ చేసి చూడలేదు. మన సీమ ఎండలకు తెచ్చుకునే బండికి ఆ పరీక్షే ముఖ్యం. నేను వదిలేసింది అదొక్కటే.

మార్చి మొదటి వారంలో షెడ్డులో పెట్టినాం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చినారో తెలీకపోతే మార్చలేదనే లెక్క. ఈ ఇంజన్లో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, అప్పుడు హెడ్డు పని ఖర్చుతో ఇట్లాంటి బెల్టు సెట్లు ఎన్నో కొనొచ్చు. బెంగళూరు జేసీ రోడ్డులో సామాను తెచ్చుకున్నాం: బెల్టు 2,400, టెన్షనర్ 1,900, వాటర్ పంపు 3,200, క్యామ్, క్రాంక్ సీళ్లు 1,100. వాటర్ పంపు బాగానే కనపడినా మార్చేయండి, అది బెల్టు వెనకాలే ఉంటుంది, ఏడాదికి లీకైతే మళ్లీ అదే కూలి. కూలి 4,500.

ఒక రోజంతా క్రాంక్ పుల్లీ బోల్టుకే పోయింది. ఇనుము ఇనుములో కలిసిపోయినట్టు పట్టేసింది. రెంచి చాసిస్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టి వదిలించే చిట్కా చాలా షెడ్లలో చేస్తారు. ఈ ఇంజన్ మీద చేయనీయొద్దు. ఇది మిగతా ఇంజన్లకు తిరకాసుగా ఎడమ దిక్కు (గడియారం ముల్లుకు ఎదురు) తిరుగుతుంది, సెల్ఫ్ కొడితే బోల్టు ఇంకా బిగుస్తుంది. పుల్లీ లోపల 50 మిల్లీమీటర్ల ఆరు పలకల గుంత ఉంది, దాంట్లో పట్టే హోల్డర్ ఒకటి లేత్‌లో చేయించి 800 ఇచ్చినాం. నాలుగడుగుల పైపు తొడిగి ఇద్దరు బరువేస్తే సాయంత్రం ఐదింటికి తుపాకీ పేలినట్టు శబ్దం చేసి వదిలింది.

బెల్టు వేసేటప్పుడు క్యామ్ పుల్లీ మీద "UP" అని రాసుండే గుర్తు పైకి, క్రాంక్ తెల్ల గీత సూచిక ఎదురుగా ఉండాల. తర్వాత టెన్షనర్ బోల్టు వదులు చేసి, క్రాంకును ఎడమ దిక్కుకే తిప్పుతూ క్యామ్ పుల్లీ మూడు పళ్లు జరిగినాక బిగించాల. వేలితో నొక్కి అందాజుగా బిగించేవాళ్లు ఉన్నారు, ఒప్పుకోవద్దు. చివరికి చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ కలిసినాయా లేదా చూసినాకే స్టార్టింగు. ట్యాపెట్ల సందు (వాల్వుకు, దాన్ని నొక్కే మీటకు మధ్య ఖాళీ) ఇంజన్ పూర్తిగా చల్లారినాక పెట్టాల: ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22, ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27 మిల్లీమీటర్లు. మాకు రెండు ఎగ్జాస్ట్ వాల్వులు బిగుసుకొని ఉండినాయి. టకటక శబ్దం రావడం లేదని అందరూ వదిలేస్తారు, కానీ కాలిపోయేది బిగుసుకున్న వాల్వే. పెట్రోల్ రబ్బరు పైపులు కూడా మార్పించినా, 1,350. ఇంజెక్షన్ బండిలో ప్రెజర్ దాదాపు 3 బార్ ఉంటుంది, మామూలు కార్బురేటర్ పైపు వేస్తే ఆగదు.

ఇటువైపు కాగితాలు. బండి కొన్న 30 రోజుల్లోపు బదిలీకి పెట్టుకోవాల. మార్చి 4న అనంతపురంలో కొత్త నంబరు కోసం ఫారం 27, దాంతో పాటు 29, 30, ఎన్‌ఓసీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, అడ్రసు కాగితాలు ఇచ్చినా. 13న ఇన్‌స్పెక్షన్. లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాల. అది మనం కొన్న 1,85,000 మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసును బట్టి శాతం వేస్తారు. ఆ 2002 ఇన్‌వాయిస్ కూడా పెద్దాయన ప్లాస్టిక్ కవరులోనే ఉండింది. టైర్లకని పక్కన పెట్టుకున్న 16,400 మొత్తం ట్యాక్సులో కలిసిపోయింది, ఇంకా చాల్లేదు. బయానా ఇవ్వకముందే ఆఫీసులో ఈ మొత్తం లెక్క వేయించుకొని బండి ధరలో కలుపుకోండి. ఏప్రిల్ 2న ఏపీ 39 నంబరుతో ఆర్‌సీ, 12న ప్లేటు.

కొత్త టైర్లు పడేదాకా 60 దాటించలేదు, ఎనిమిదేళ్ల రబ్బరును నమ్మడానికి లేదు. టైర్లు ఏప్రిల్ 26న వేయించినా. 28 ఆదివారం మధ్యాహ్నం తాడిపత్రి రోడ్డులో నలభై నిమిషాలు నడిపి, చెట్టు నీడ కూడా లేని చోట అద్దాలెత్తి అరగంట ఆపినా. స్టీరింగు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. తాళం ఆన్‌లో పెట్టి చెవి రిక్కించినా. టక్. వెనక పంపు రెండు సెకన్లు గుయ్యిమంది.